చూడడు, వినడు, పట్టుకోడు: పురిటి కామెర్ల తర్వాత సెరిబ్రల్ పాల్సీ వచ్చిన ఒక బాబు కేస్ స్టడీ

విజయనగరం జిల్లా గజపతినగరం వైపు ఒక పల్లె నుంచి ఈ బాబు ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే మా భవిత కేంద్రానికి వచ్చేసరికి ఐదేళ్ళు నిండాయి. పేరు రాయను. ఇంట్లో చిన్నోడు అంటారు, నేనూ అలాగే అంటాను. గుర్తుపట్టేలా ఉన్న వివరాలు కొన్ని మార్చాను. వెంట తెచ్చిన కాగితంలో ఇలా ఉంది: చూపు నిలపడు, పిలిస్తే పలకడు, వస్తువు పట్టుకోడు, తీవ్ర బుద్ధిమాంద్యం, ఇంటి దగ్గర సంరక్షణ చాలు.

తండ్రి చెన్నైలో బిల్డింగ్ పనికి పోయి పండక్కి వస్తాడు. తల్లి కూలికి వెళ్తే బాబుని చూసుకునేది అమ్మమ్మ. పొద్దున్న అరుగు మీద చాప పరిచి పడుకోబెడితే సాయంత్రం దాకా అక్కడే. "కూకోబెడితే వెనక్కి ఇరుచుకుపోతాడమ్మా, బిర్రబిగుసుకుపోతాడు, పట్టలేను" అంది ఆవిడ. తర్వాత మేం చేసిన పనంతా ఆ మాట చుట్టూనే తిరిగింది. తల్లి మాత్రం ఇంకో మాట అంది: "ఈడికి అర్థమవుద్ది మేడమ్, నాకు తెలుసు. రుజువేటి సూపించమంటే ఏటి సూపించను?"

పురిటి రోజుల సంగతి

కాన్పు ఆస్పత్రిలోనే అయింది. నెలలు నిండాయి, బరువు సరిపోను ఉంది, పుట్టగానే ఏడ్చాడు. తల్లిది ఓ పాజిటివ్, బిడ్డది బి పాజిటివ్; ఇలా గ్రూపులు కలవనప్పుడు బిడ్డకి కామెర్లు ముదిరే అవకాశం ఎక్కువ. మూడో రోజు ఇంటికి పంపేశారు. ఐదో రోజుకి ఒళ్ళు పసుపెక్కింది. పసిబిడ్డకి మామూలేనని, పొద్దుటి ఎండలో పెట్టమని ఇరుగుపొరుగు చెప్పారు. ఏడో రోజుకి పాలు తాగడం మానేసి, సన్నగా కీచుమని ఏడుస్తూ, వీపు విల్లులా వంచేస్తుంటే ఆటోలో పరిగెత్తారు. కామెర్లలో ఒంటికి పసుపు తెచ్చే బిలిరుబిన్ డెసిలీటరు రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటిందని, రక్తం మార్చామని డిశ్చార్జ్ కాగితంలో ఉంది. ప్రాణం నిలబడింది.

ఇక్కడ కాసేపు ఆగాలి. పురిటి బిడ్డల్లో కామెర్లు సాధారణంగా మూడో రోజుకీ ఐదో రోజుకీ మధ్య ముదురుతాయి. మన ఊళ్ళలో తల్లీబిడ్డా ఇంటికొచ్చేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి చూడాల్సిన రోజులు 3, 7, 14, 21, 28, 42. మూడుకీ ఏడుకీ మధ్య కళ్ళు తెరుచుకుని చూసుకోవాల్సింది ఇంట్లోవాళ్ళే. పుట్టిన 24 గంటల లోపు పసుపు కనిపించినా, అరచేతులూ అరికాళ్ళూ పచ్చబడినా, బిడ్డ మత్తుగా ఉండి పాలు వదిలేసినా ఆ పూటే ఆస్పత్రికి వెళ్ళాలి. నీలి కాంతి కింద పెట్టే ఫోటోథెరపీకి కిటికీ ఎండ సాటి రాదు. రక్తకణాల్ని కాపాడే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్న (జీ6పీడీ లోపం) బిడ్డకి ట్రంకుపెట్టెలో కలరా ఉండల మధ్య దాచిన పాత బట్టలు తొడిగినా రక్తకణాలు పగిలి కామెర్లు విజృంభిస్తాయి. చిన్నోడి విషయంలో అది జరగలేదు. అయినా బాలింత ఉన్న ఏ ఇంటికి వెళ్ళినా ఆ పెట్టె గురించి అడగకుండా నేను రాను.

మితిమీరిన బిలిరుబిన్ మెదడంతటినీ ఒకేలా కొట్టదు. కదలికల్ని అదుపు చేసే బేసల్ గాంగ్లియా, వినికిడి దారిలోని నాడీ కేంద్రాలు, కళ్ళని పైకి తిప్పే భాగం దానికి ముందు బలవుతాయి. ఇలా ఎదిగే మెదడు దెబ్బతిని కదలికలు అదుపు తప్పడమే సెరిబ్రల్ పాల్సీ. అందుకే ఈ పిల్లల్లో నాలుగు సంగతులు కలిసి కనిపిస్తుంటాయి: అదుపు లేని మెలికల కదలికలు, వినికిడి ఇబ్బంది, చూపు పైకి పోకపోవడం, పాలపళ్ళ ఎనామెల్ దెబ్బతినడం. ఆలోచించే శక్తి మాత్రం చాలామందిలో కదలికలంతగా దెబ్బతినదు. చిన్నోడి ముందుపళ్ళ మీద ఆకుపచ్చ మరకలు చూశాక, కాగితంలో ఉన్న మూడు మాటల్నీ ఒక్కొక్కటిగా మళ్ళీ పరీక్షించాలని మా ఫిజియోథెరపిస్టూ నేనూ అనుకున్నాం.

కాగితం ఎలా తయారైంది

అతనికి చేసిన పరీక్షల్లో ఒకటి ఫారం బోర్డు. చెక్క ముక్కల్ని వాటి ఆకారపు గుంటల్లో ఎంత త్వరగా పెడతాడో చూసేది. ఇంకొకటి సామాజిక పరిణతి కొలమానం. తనంతట తాను తింటాడా, నడుస్తాడా, బట్టలు తొడుక్కుంటాడా అని అడిగేది. చేతులూ కాళ్ళూ మాట వినని పిల్లాడికి ఈ రెంటిలో ఎన్ని మార్కులొస్తాయి? వచ్చిన సంఖ్య అతని కండరాల గురించి చెప్తుంది. దాన్ని బుర్ర లెక్కలో రాసేశారు. పరీక్ష పెట్టినవారికి దురుద్దేశం ఉందని అనను. బయట వరస కట్టిన జనం ఉంటారు, ఒక్కో పిల్లాడికి దొరికేది కొద్ది నిమిషాలు. కానీ "చేతుల కదలిక వల్ల పరీక్ష పూర్తి చేయడం కుదరలేదు" అని ఒక్క వాక్యం రాసి ఉంటే ఆ కుటుంబానికి రెండేళ్ళు మిగిలేవి.

కుర్చీ

మా దగ్గర మొదటి వారాల్లో పాఠం ఏమీ చెప్పలేదు. చూస్తూ కూర్చున్నాం. చిన్నోడు వెల్లకిలా ఉన్నప్పుడు తల ఒక పక్కకి, చెయ్యి ఇంకో పక్కకి పోతుంది. నవ్వినా, ఉలిక్కిపడినా, ఏదైనా కావాలని ప్రయత్నించినా మెలికలు పెరుగుతాయి. నిద్రపోతే ఒళ్ళు మెత్తబడిపోతుంది. అంటే గట్టిగా ప్రయత్నించిన కొద్దీ చెయ్యి దూరమవుతుంది. "చూపించు నాన్నా, చూపించు" అని మనం ఒత్తిడి చేస్తే ఆ చెయ్యి ఇంకా రాదు.

ఒక క్యాంపులో ఇచ్చిన సీపీ (సెరిబ్రల్ పాల్సీ) కుర్చీ ఇంట్లో ఉంది, మడతపెట్టి మూలన. అతనికన్నా రెండు సైజులు పెద్దది. అందులో కూర్చోబెడితే నడుం ముందుకి జారి, వీపు సీటు మీదకొచ్చి, తల వెనక్కి పడుతుంది. దాన్ని సరిచేయడం కన్నా కొత్తది చేయించడమే సులువని ఊరి వడ్రంగిని పిలిచాం. పాత తలుపు రెక్కా, 19 ఎం.ఎం. ప్లైవుడ్ ముక్కలూ సరిపోయాయి.

కొలతలు చెప్తాను, ఎవరికైనా పనికొస్తాయి. అన్నిటికన్నా ముందు కటి భాగం. పిరుదులు సీటు వెనక మూలకి ఆనాలి, బెల్టు పొట్ట మీద కాకుండా తొడల మడత మీదుగా ఏటవాలుగా రావాలి. సీటు లోతు మోకాలి వెనక మడతకి రెండు వేళ్ళ ఎడంలో ఆగాలి. సీటు ముందు అంచు వెనక అంచుకన్నా కొంచెం ఎత్తుగా ఉంటే తుంటి బాగా ముడుచుకుంటుంది, అప్పుడు ఒళ్ళు వెనక్కి విరుచుకోవడం కష్టమవుతుంది. మోకాళ్ళు దగ్గరికి గుంజుకుపోకుండా వాటి మధ్య గుడ్డ చుట్టిన చెక్క దిమ్మ. పాదాలు గాల్లో వేలాడకుండా కింద పలక, దానికి వెల్క్రో పట్టీ. ముందు బల్ల మోచేతి ఎత్తులో. ఆ బల్లకి ఎడమవైపు పార కామ ముక్కని నిలువుగా బిగించాం. ఎడమ చెయ్యి దాన్ని పట్టుకుని ఉంటే భుజం నిలకడపడుతుంది, కుడి చేతి మెలికలూ తగ్గుతాయి. ఇలా అదుపు లేని మెలికలుండే (అథెటాయిడ్) పిల్లల్లో ఈ చిన్న కర్ర చేసే పని పెద్ద పెద్ద పరికరాలు చెయ్యడం నేను చూడలేదు.

మొదట కొన్ని నిమిషాలే కూర్చోగలిగాడు. భోజనం వేళ, ఆట వేళ మెల్లగా పెంచుకుంటూ పోయాం. పిల్లల డాక్టరు బిగుతూ మెలికలూ తగ్గించే ట్రైహెక్సీఫెనిడిల్ మందు తక్కువ మోతాదులో మొదలుపెట్టారు. మలబద్ధకం వస్తే బిగుతు ఇంకా పెరుగుతుందని, నీళ్ళూ పీచూ చూసుకోమని చెప్పారు.

తినిపించడం కూడా మారింది. అప్పటిదాకా అమ్మమ్మ ఒళ్ళో పడుకోబెట్టి, తల వెనక్కి వాల్చి, పల్చటి చోడి అంబలి గొంతులో పోసేది. పొలమారడం, దగ్గు, నెలకోసారి ఛాతీలో కఫం. ఇప్పుడు కుర్చీలో, గడ్డం కాస్త కిందికి ఉంచి, అంబలి చిక్కగా కాచి, చెంచా ఎదురుగా కింది నుంచి తెస్తుంది. పై నుంచి వచ్చే చెంచా కోసం తల ఎత్తితే మళ్ళీ విరుచుకుపోతాడు. ఈ మార్పుకి ఆవిడ మొదట ఒప్పుకోలేదు. "అలాగైతే బేగి తినడు" అంది. నిజమే, ఆలస్యమైంది. దగ్గు తగ్గాక ఆ మాట మానేసింది.

చూపు ఎత్తు

"చూపు నిలపడు" అన్న మాట సంగతి కుర్చీ కుదిరాకే బయటపడింది. బొమ్మల కార్డు అతని కళ్ళ ఎత్తులో బల్లకి దగ్గరగా పెడితే చూస్తున్నాడు. అదే కార్డు జానెడు పైకెత్తితే కళ్ళు వెంట రావు. కళ్ళు రాకపోతే తల ఎత్తుతాడు. తల వెనక్కి పోగానే ఒళ్ళంతా విరుచుకుంటుంది, చేతులు ఎగురుతాయి, ముఖం పక్కకి తిరిగిపోతుంది. ఎదురుగా నిలబడి కార్డు పట్టుకున్న మనిషికి కనిపించేది ఒక్కటే: చూడడంలేదు!

కార్డులన్నీ బల్ల మీదకి దించాం. నేను పీట మీదకి దిగాను, నా ముఖం అతని ముఖం కన్నా కొంచెం కింద ఉండేలా. గోడకి తగిలించిన చార్టులు అతనికి లేనట్టే లెక్క అని తీసేశాం.

ఆ తర్వాత అసలు ప్రశ్న. బల్ల చెరో మూలా ఒక వస్తువు: స్టీలు గ్లాసు, చెప్పు. "గ్లాసేది?" అని అడిగి ఊరుకుంటాను. ఊరుకోవడమే ఇందులో కష్టం. అతని కళ్ళు ఓసారి అటూ ఇటూ పోతాయి, ఒళ్ళు కదులుతుంది, పది పదిహేను సెకన్ల తర్వాత చూపు ఒకచోట ఆగుతుంది. ఆ లోపు మళ్ళీ అడిగితే మొదటికొస్తుంది. అడిగేవారి కళ్ళు జవాబు మీదకి పోకూడదు, అతని ముఖం మీదే ఉండాలి. తల్లి వెనక కూర్చోవాలి, లేకపోతే ఆమె ముఖంలోనే జవాబు దొరికిపోతుంది. రెండు వస్తువుల్లో ఒకటంటే బొమ్మా బొరుసే కాబట్టి, స్థానాలు మారుస్తూ అదే మాట వేర్వేరు రోజుల్లో అడిగాం. నిలిచాక మూడు వస్తువులు, తర్వాత నాలుగు.

చాట, కత్తిపీట, చీపురు, తువ్వాలు, కొబ్బరిచిప్ప, సెల్‌ఫోను. నేర్పకుండానే అన్నీ తెలుసు. ఐదేళ్ళు అరుగు మీద పడుకుని వచ్చేపోయే వాళ్ళని, అమ్మమ్మ చేసే పనుల్ని గమనిస్తూ నేర్చుకున్నవి. నాగలి బొమ్మకీ గొర్రు బొమ్మకీ తేడా చూపించాడు. అది మా కేంద్రంలో చాలామంది పిల్లలకి తెలియదు, నిజానికి పెద్దవాళ్ళలోనూ కొందరికి తెలియదు.

వినికిడి

నాలుగు వస్తువులు ఇంట్లో చూపించేవాడు కేంద్రంలో రెండు కూడా తప్పుతున్నాడు. కుక్కర్ కూతకి ఉలిక్కిపడతాడు కాబట్టి చెవులు బాగున్నాయనే అందరి నమ్మకం. జిల్లా సత్వర చికిత్స కేంద్రం నుంచి విశాఖ పంపించి పరీక్షలు చేయిస్తే చెవి లోపలి కణాల స్పందన ఉంది, శబ్దం చెవి నుంచి మెదడుకి చేరే తీరు కొలిచే బెరా పరీక్షలో నాడి స్పందన మాత్రం సరిగా లేదు. ఆడిటరీ న్యూరోపతీ అన్నారు. శబ్దం వినిపిస్తుంది, మాట విడిపోయి స్పష్టంగా అందదు. చుట్టూ గోల ఉంటే అసలు అందదు. ఇది కూడా కామెర్ల బిడ్డల్లో కనిపించేదే.

చిన్నోడి పాఠం జరిగే గదిలో ఫ్యాను కట్టేశాం. ఎండాకాలంలో అది చిన్న విషయం కాదు, అందుకే పాఠం పొద్దున్న ఎనిమిదిన్నరకి మార్చాం. ఒక్కొక్కరే, ఎదురుగా, చిన్న వాక్యాలు, మాటతో పాటు సైగ. సైగలు మేం కొత్తగా తేలేదు. తినడానికి, స్నానానికి, "నాన్న ఫోను"కి అమ్మమ్మ వాడేవి ఉన్నాయి. వాటినే రాసుకుని, తల్లికీ కేంద్రంలో ఆయాకీ కూడా అవే నేర్పాం. వినికిడి యంత్రం, ఆపరేషన్‌తో చెవి లోపల అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ విషయం ఈఎన్‌టీ నిపుణుల పరిశీలనలో ఉంది.

రెండు గాజులు

మాట రాని పిల్లలకి అవును, కాదు చెప్పడం నేర్పేటప్పుడు "అవునంటే పైకి చూడు" అనడం మాలో అలవాటు. చిన్నోడికి అది పనికిరాదు, పైకి చూడలేడు కదా. తల ఊపడం కూడా కుదరదు, తల తనంతట తానే ఊగుతుంది. అందుకని బల్ల కుడి మూలకి పచ్చ ప్లాస్టిక్ గాజు, ఎడమ మూలకి ఎర్ర గాజు బిగించాం. పచ్చ చూస్తే అవును, ఎర్ర చూస్తే కాదు.

అవును బేగి వచ్చింది, ఎందుకంటే అవునంటే ఏదో ఒకటి దొరుకుతుంది. కాదు రావడానికి మాత్రం చాలా రోజులు పట్టింది. వద్దనడానికి ఏడుపొకటే దారి అనుకున్న బిడ్డ అతను. ఇష్టం లేని వాటిని కావాలనే అడగడం మొదలుపెట్టాం: కాకరకాయ ముక్క కావాలా, పడుకుంటావా. ఒక మధ్యాహ్నం అమ్మమ్మ అరటిపండు మెదిపి చెంచా తెస్తుంటే ఎర్ర గాజు మీద చూపు నిలిపాడు. ఆవిడ చెంచా ఆపి, ఇటు తిప్పి అటు తిప్పి మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎర్ర గాజే. "ఏటి, వద్దంతన్నాడేటి?" అంది. అవునన్నాను. ఆ చెంచా తన నోట్లో పెట్టుకుని, "బుర్ర నేదన్న గుంటడు నాకే వద్దంతన్నాడు" అని వీధిలోకి వెళ్ళి ఎదురింటావిడకి చెప్పొచ్చింది.

ఈ వద్దుకి వెంటనే విలువ ఇవ్వాలి. పిల్లాడు వద్దన్నాక కూడా బుజ్జగించి పెట్టేస్తే ఆ ఎర్ర గాజు వట్టి అలంకారం అవుతుంది. మందు వేసుకోవడం, స్నానం లాంటి తప్పనివాటిని అసలు అడగొద్దని, చెప్పి చెయ్యమని ఇంట్లో గట్టిగా చెప్పాను.

బడి

ఆరో ఏడు రాగానే ఊరి ప్రాథమిక పాఠశాలలో ఒకటో తరగతిలో చేర్చాం. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోని 31వ సెక్షన్ 6 నుంచి 18 ఏళ్ళ దాకా దగ్గర బడిలో గానీ, కోరుకున్న ప్రత్యేక బడిలో గానీ ఉచితంగా చదువుకునే హక్కు ఇచ్చింది. విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ, తీవ్ర వైకల్యాలున్న పిల్లలకి ఇంటి దగ్గర చదువు ఎంచుకునే హక్కు కూడా ఇచ్చింది. ఆ ఎంపిక కుటుంబానిది. "ఇంటి దగ్గరే ఉంచుకోండి" అని బడి గుమ్మంలో చెప్పడానికి ఆ సవరణ రాలేదు. మా హెడ్మాస్టరుగారికి ఈ మాట చెప్పాల్సిన అవసరమే రాలేదు. కుర్చీ తరగతి గుమ్మంలో పడుతుందో లేదో టేపుతో కొలిచి చూసుకున్నారాయన.

తరగతిలో ఆకుపచ్చ బోర్డు ఎత్తులో ఉంది, అది అతనికి అందదు. అదృష్టం కొద్దీ గోడ కింద పిల్లలు రాసుకోడానికి వేసిన నల్లరంగు పట్టీ ఉంది. టీచరమ్మ చిన్నోడి కోసం రోజూ ముఖ్యమైన నాలుగు మాటలు ఆ పట్టీ మీద రాస్తారు. నేల మీద కూర్చునే పిల్లలందరికీ అదే దగ్గరైంది. ప్రశ్న అడిగే తీరు మారింది: "ఇదేంటి?" బదులు "వీటిలో ఏది?" అని నాలుగు పలకలు బల్ల మీద. పలకలు పెట్టే పని ఒక పాప తీసుకుంది. పాప తెలివైనది, చిన్నోడి చూపు ఇంకా ఆగకముందే జవాబు చెప్పేసేది. మనసులో ఇరవై లెక్కపెట్టుకుని అప్పుడు చెప్పమని టీచరమ్మ ఆమెకి ఒప్పందం పెట్టారు.

మధ్యాహ్న భోజనంలో చిక్కీ అతనికి ఇవ్వకూడదు, గొంతుకి అడ్డం పడుతుంది. గుడ్డు పొడిగా పెట్టినా ప్రమాదమే, పప్పులో మెత్తగా మెదిపి పెట్టాలి. వంట చేసే అమ్మలకి ఇది ఒకసారి చేసి చూపించాక మళ్ళీ చెప్పాల్సిన పని పడలేదు.

ఎంతవరకు వచ్చాడు

మేం వాడేది ఎఫ్.ఎ.సి.పి. ప్రీ ప్రైమరీ చెక్‌లిస్టు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి ఏమేం వచ్చో చూసి పాఠం వేసుకునే జాబితా. అందులో "తాకి చూపిస్తాడు", "ఎత్తి ఇస్తాడు" అన్నచోటల్లా "చూపుతో చూపిస్తాడు" అని మార్చి, మార్చినట్టు పక్కన రాసి కొలిచాం. ఒకటో తరగతి ముగిసేసరికి అచ్చులన్నీ, హల్లులు చాలావరకు, ఇంట్లోవాళ్ళ పేర్లు, పదిలోపు అంకెలు గుర్తుపడుతున్నాడు. ఐదులోపు కూడికలకి జవాబు చూపిస్తాడు. ఎడమ చేత్తో కర్ర పట్టుకుని కుడి చేత్తో బంతిని తొట్టిలోకి తొయ్యగలడు, నాలుగుసార్లలో ఒకసారి.

నడక రాలేదు. కదలిక స్థాయిల్లో ఒకటి (తేలిక) నుంచి ఐదు (అన్నిటికన్నా తీవ్రం) వరకు చూస్తే అతనిది నాలుగు, ఆ స్థాయి మారుతుందని కుటుంబానికి ఆశ పెట్టలేదు. మాట రెండు శబ్దాల దగ్గరే ఉంది. జ్వరం వస్తే వారాల తరబడి చేసిన కుర్చీ అలవాటు చెదురుతుంది. వరి ఉడుపుల రోజుల్లో తల్లి చీకటితో వెళ్ళి చీకటితో వస్తుంది, అప్పుడు బడి కూడా సరిగ్గా సాగదు. ఆటో ఖర్చుకి వచ్చే రవాణా భత్యం ఆలస్యమైన నెలల్లో అమ్మమ్మ అతన్ని చంకనెత్తుకుని తెచ్చింది. ఆవిడ నడుం నొప్పి ఈ ఫైలులో ఏ గడిలోనూ రాయడానికి చోటు లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరంలో పునఃపరీక్షకి మా నివేదిక జతచేశాం: ఏ ఎత్తులో, ఏ కుర్చీలో, ఎంత సేపు ఆగితే జవాబు వస్తుందో రాసి, నాలుగు వస్తువుల పరీక్ష వీడియో ఇచ్చాం. అక్కడి సైకాలజిస్టు ఓపికగా బల్ల మీదే కార్డులు పరిచి మళ్ళీ పరీక్ష చేశారు. బుద్ధిమాంద్యం తీవ్రమన్న మాట తీసేసి, చేతుల పరిమితి వల్ల పూర్తి అంచనా కుదరలేదని, చూపుతో ఎంచుకునే పద్ధతిలో మళ్ళీ చూడాలని రాశారు.

ముందున్న పనులు ఇవి. ఈ స్థాయి పిల్లల్లో తుంటి కీలు జారిపోయే ప్రమాదం ఎక్కువ కాబట్టి కటి ఎక్స్‌రే తీయించాలి. కొంతకాలంగా డైపర్ మార్చేటప్పుడు ఎడమ తొడ పక్కకి తక్కువగా తెరుచుకుంటోందని తల్లే గమనించి చెప్పింది. బొమ్మల పలక నాలుగు గళ్ళ నుంచి ఎనిమిదికి పెంచాలి. పెరిగాడు, సీటు లోతు చాలడం లేదు, వడ్రంగి కొత్త కొలతలు తీసుకున్నాడు. ఈసారి పాదాల పలకని పైకీ కిందకీ జరిపేలా బోల్టులతో చెయ్యమన్నాం, ఏటా కొత్త కుర్చీ చేయించక్కర్లేకుండా.